మెలితోన్ తెడ్డు

నేను శుభ్రం మనిషిని. ఫ్రెస్నోలో ఉన్న పదకొండు తెలుగు కుటుంబాల్లో ఎవర్నడిగినా రాధారాణి గురించి ముందు ఆ మాటే చెబుతారు. రెండో మాట నా నోటి దురుసు. రెండూ నిజమే, కాదనను. నోటితో ఎవరినైనా నొప్పించి ఉంటే వాళ్ళూ తిరిగి నాలుగు అంటించే ఉంటారు, చెల్లుకు చెల్లు. శుభ్రంతో ఒక మనిషికి చేసిన అపకారానికి మాత్రం చెల్లు లేదు. అది జరిగి ఈ నవంబరుకి ఏడాది.

నా ఉద్యోగం కూడా నాకు తగ్గట్టే దొరికింది. ఎండుద్రాక్ష ప్యాక్ చేసే షెడ్డులో క్వాలిటీ కంట్రోల్. తెల్ల కోటు, నెత్తిన వల టోపీ, చేతిలో క్లిప్‌బోర్డు. షిఫ్టు అయ్యాక బెల్టులన్నీ బ్లీచ్ నీళ్ళతో కడిగిస్తాను. వేలితో రాసి చూసి, జిడ్డు తగిలితే మళ్ళీ కడిగిస్తాను. పనివాళ్ళంతా మెక్సికో వాళ్ళు. వాళ్ళ దగ్గర పట్టుకున్న స్పానిష్‌లో నాకు గట్టిగా వచ్చినవి "మళ్ళీ కడుగు" అన్న మాటా, దాని వెనక వాళ్ళు గొణుక్కునే తిట్లూ.

ఫౌస్తినో ఆ షెడ్డులోనే పరిచయం, 1983లో. అప్పటికి ముప్ఫై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, మాట నెమ్మది. మెక్సికోలో దక్షిణాన, ఓహాకా కొండల్లో వాళ్ళ ఊరు. ఇంట్లో మాట్లాడేది స్పానిష్ కాదు, జాపోటెక్. స్పానిష్ అతనికీ నేర్చుకున్న భాషే, నాకూ నేర్చుకున్న భాషే. అందుకని ఇద్దరం తొందరపడకుండా, ఉన్న మాటలతోనే సర్దుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. ఆదివారాలు మా పెరట్లో నారింజ చెట్లు కత్తిరించడానికి వచ్చేవాడు.

మొదటిసారి వచ్చినరోజు కత్తెర పక్కన పడేసి తిన్నగా వెనక కంచె దగ్గరికి నడిచాడు. అక్కడ ఆరు రాకాసి మట్టల మొక్కలు ఉన్నాయి. మా గిద్దలూరు వైపు చేల గట్ల మీద, రైలు కట్ట పక్కన ఇవే ఉంటాయి. కిత్తనార తీసి మోకులు పేనేవాళ్ళు. 1977లో ఈ ఇల్లు కొన్నప్పుడు మా ఆయన భీమశంకర్ వాటిని పీకించేద్దామన్నారు. "ఈ దేశంలో నాకు పేరు తెలిసిన మొక్క ఇదొక్కటే. దీన్ని పీకితే నన్నూ పీకి పారేయండి" అన్నాను. దాంతో ఊరుకున్నారు. ఫౌస్తినో ఒక మట్ట మీద అరచెయ్యి పెట్టి, గేదె వీపు తడిమినట్టు తడిమి, "వీటిని మీరేం చేస్తారు?" అనడిగాడు.

"ఏం చేస్తాం? చూస్తాం."

"మా నాన్న మెలితోన్ వీటి నుంచి మెస్కాల్ తీస్తాడు."

"అంటే సారా."

అతనికి కోపం రావడం అదే మొదటిసారి చూశాను, అదే ఆఖరిసారి కూడా. "కాదు సెన్యోరా. సారా కాదు" అన్నాడు. గట్టు మీద కూర్చుని, పని సంగతే మర్చిపోయి చెప్పుకొచ్చాడు. వాళ్ళ కొండల్లో ఈ మొక్కలు ఒక రకం కాదట. చేలో వరసగా నాటుకునేది ఎస్పదీన్, ఏడెనిమిదేళ్ళకి తయారవుతుంది. తొబలా అనేది చిన్నది, రాళ్ళ సందున చెట్ల నీడలో దానంతటది మొలుస్తుంది, పన్నెండేళ్ళు. తెపెస్తాతె కొండ అంచున వేలాడుతూ పెరుగుతుంది, దానికి పాతికేళ్ళు ఆగాలి. ఏ మొక్కయినా ఒక్కసారే కాడ వేస్తుంది, పూస్తుంది, చచ్చిపోతుంది. పూయకముందే కాడ నరికేస్తే ఆ తీపంతా దుంపలోకి దిగుతుంది. వాళ్ళ నాన్న ఏ మొక్కది ఆ మొక్కకే విడిగా తీస్తాడు, ఒకదాంతో ఒకటి కలపడు. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, ఇది ఏ కొండదో, ఏ వైపు ఎండ తగిలిందో చెబుతాడు.

"ఒక బుడ్డి కోసం పాతికేళ్ళు కాచుక్కూర్చుంటారా? మా వాళ్ళు పొద్దున చెట్టెక్కి కల్లు దించితే సాయంత్రానికి కుండ బోర్లిస్తారు" అన్నాను.

నవ్వాడు. "మీ పెరట్లోది మా పెద్ద రకానికి చుట్టం సెన్యోరా. ఎప్పుడైనా కాడ వేస్తే నాకు చెప్పండి."

నాలుగేళ్ళు ఏదీ కాడ వేయలేదు.

1987 నవంబరులో ఒక ఆదివారం ఫౌస్తినో వచ్చి, నారింజ చెట్టు కింద కత్తెర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒక్క కొమ్మ కూడా కత్తిరించలేదు. కాఫీ పట్టుకెళ్ళి, "ఏమైంది, ఒంట్లో బాగాలేదా?" అంటే, "మా నాన్న పోయాడు. సోమవారం. నాకు బుధవారం తెలిసింది" అన్నాడు. ఊరంతటికీ ఒక్క ఫోను, అక్కడి నుంచి చెల్లెలు చేసింది. అప్పటికి అతను, కాగితాలు లేనివాళ్ళకి సర్కారు పెట్టిన అమ్నెస్టీకి అప్లై చేసి ఉన్నాడు. కాగితాలు ఇంకా రాలేదు. ఇప్పుడు దేశం దాటితే మళ్ళీ రానివ్వకపోవచ్చని లాయరు గట్టిగా చెప్పాడట. భార్యా ఇద్దరు పిల్లలూ ఫ్రెస్నో పక్కనే మదేరాలో ఉన్నారు. వెళ్ళలేదు.

నాకు ఆ మాట ఎక్కడ తగిలిందో నాకే తెలుసు. 1979లో మా నాన్న పోయినప్పుడు టెలిగ్రామ్ నాకు తొమ్మిదో రోజున అందింది. శాంతి కడుపులో ఉంది, డాక్టరు ఫ్లైట్ ఎక్కొద్దంది. సంవత్సరీకం నాడు ఇదే వంటింట్లో గారెలు వండి, గోడ మీద పెట్టి కాకి కోసం చూశాను. ఒక్క కాకి రాలేదు. నీలం పిట్టేదో వచ్చి ఎత్తుకుపోయింది. ఆ రోజు ఏడ్చినంత నేను ఇంకెప్పుడూ ఏడవలేదు.

"మరి కర్మ ఎవరు చేశారు?" అనడిగాను. బాబాయిలు పాతిపెట్టారన్నాడు. "కానీ సెన్యోరా, ఏడాది నాడు చేసేది ఒకటుంది. అది నేనే చేయాలి. ఒక్కగానొక్క కొడుకుని." వాళ్ళింట్లో మెస్కాల్ తీసే మనిషి పోతే, ఏడాది తిరిగిన రోజున కొడుకు తన చేత్తో తీసిన మెస్కాల్ వచ్చినవాళ్ళందరికీ పోయాలట. కొన్నది పనికిరాదు, ఇంకొకరు తీసింది పనికిరాదు. వాళ్ళ తాతకి వాళ్ళ నాన్న పోశాడు. ఆ తాత తన తండ్రికి పోశాడు. "మా నాన్నకి నేను ఇక్కడ దేంతో తీయను?" అన్నాడు.

ఏప్రిల్లో కంచె దగ్గర మూడో మొక్క నడిమొగ్గ లావెక్కింది, కాడ వేయబోతోందన్నమాట. ముందు నేనే చూశాను. షెడ్డులో బెల్టు ఆపించి మరీ వెళ్ళి ఫౌస్తినోకి చెప్పాను. ఆ ఆదివారం వచ్చి చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తీసుకో. అడగాలా?" అన్నాను.

మా ఆయనకి చెప్పేసరికి ఇల్లు ఎగిరిపోయింది. "రాధా, నీకు మతి పోయిందా? పెరట్లో సారా కాయడం ఫెడరల్ ఆఫెన్స్! నేను కౌంటీలో జాబ్ చేస్తున్నాను. రేపు ఎవరైనా రిపోర్ట్ చేస్తే? పైగా మనింట్లో, ఆచారం ఉన్న ఇంట్లో..."

"మీరు సంధ్య వార్చి పన్నెండేళ్ళయింది. ఆచారం ఇప్పుడు గుర్తొచ్చిందా? ఆ రామమోహన్ గారింట్లో స్కాచ్ తాగినప్పుడు ఎక్కడికెళ్ళింది?"

"అది వేరు."

"ఇది తండ్రి సంవత్సరీకం. నేను మా నాన్నకి చేసుకోలేకపోయాను. వాణ్ణి చేసుకోనివ్వండి." నా గొంతు మారేసరికి ఆయన పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఒప్పుకోవడమంటే అంతే.

ఫౌస్తినో నిచ్చెన వేసుకుని ఆ లేత కాడని ఒక్క వేటున నరికాడు. మా శాంతికి అప్పటికి తొమ్మిదో ఏడు. "అమ్మా, ఫ్లవర్ రాకుండా కట్ చేస్తే ప్లాంట్‌కి సాడ్ అవుతుంది కదా?" అంది. అంకుల్ వాళ్ళ నాన్న కోసమని చెప్పాను. సరే అని వెళ్ళిపోయింది. వేసవంతా ఆ మొక్క అలాగే నిలబడింది. లోపల తీపి ఊరి, మట్టల మొదళ్ళు పసుపెక్కాయి.

జులైలో వాళ్ళ ఊరి నుంచి ఒకతను మదేరా వచ్చాడు. ఫౌస్తినో చెల్లెలు అతని చేతికి ఒక మూట ఇచ్చి పంపింది. మెలితోన్ పోయాక బాబాయిలు పీపాలు పగలగొట్టి పొయ్యిలో పెట్టారట, దుంపలు కాల్చే గుంట పూడ్చి మొక్కజొన్న వేశారట. మిగిలింది ఇదొక్కటే. మూట విప్పి నాకు చూపించాడు. నిలువెత్తు కొయ్య తెడ్డు, పీపాలో రసం కలిపేది. పిడి అరిగి నున్నగా ఉంది. కిందంతా నల్లగా, వేలి మందాన ఏదో గట్టిగా పేరుకుని ఉంది. "మా నాన్న చేతిది. అంతకుముందు తాతది" అని దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నేనూ వాసన చూశాను. పుల్లగా, పొగగా, పాత చింతపండు జాడీ మూత తీసినట్టుంది. మర్యాదకి ఏమీ అనలేదు గాని, "ఇంత మురికిగానా" అనుకున్నాను. ఇంకేం అనుకున్నా బాగుండేది.

అక్టోబరు రెండో వారంలో పని మొదలైంది. మట్టలన్నీ నరికేస్తే లోపల పెద్ద దుంప బయటపడింది. వాళ్ళు దాన్ని అనాసపండు అంటారు, చూడ్డానికి అలాగే ఉంది, కాకపోతే ఇద్దరు కలిసి దొర్లించాలి. నారింజ చెట్లవతల గొయ్యి తవ్వి, బాదం కట్టెలు మండించి, పైన రాళ్ళు పరిచి అవి ఎర్రబడేదాకా కాల్చాడు. దుంపని ముక్కలు కొట్టి రాళ్ళ మీద పేర్చి, తడి గోనెలు కప్పి, మట్టి పోసి, పైన చిన్న కొయ్య శిలువ గుచ్చాడు. నాలుగు రోజులు అది లోపల మగ్గాలి. గానుగ దగ్గర బెల్లం కాచే వాసన పెరడంతా పట్టింది. మా ఆయన కూడా కిటికీ తీసి నిలబడ్డారు.

రెండో రోజు ఫౌస్తినోకి కబురొచ్చింది, ఆలివ్ కాయల కోతకి రెండు రోజులు లిండ్సే వెళ్ళాలి. వెళ్ళకపోతే మేస్త్రీ ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. "మట్టిలోంచి పొగ వస్తే ఇంకో పార మట్టి వేయండి సెన్యోరా. అంతే. చూస్తూ ఉండండి" అన్నాడు. గొయ్యి పక్కనే ఓక్ పీపా సగానికి కోసింది పెట్టాడు, వైన్ కంపెనీ పారేసింది. అందులో తెడ్డు నిలబెట్టి ఉంది.

పొగ రాకుండా చక్కగానే చూశాను. ఆ పనిలో నాకు ఎవరూ వంక పెట్టలేరు. కానీ రెండో పూట నా కళ్ళు ఆ తెడ్డు మీద పడ్డాయి. ఈగలు ముసిరి ఉన్నాయి. పీపా అడుగున వైన్ మడ్డి. మా అత్తగారింట్లో తద్దినం అంటే ముందురోజే రుబ్బురోలు దగ్గర్నుంచి గరిటెల దాకా చింతపండు పెట్టి తోమి, మడి నీళ్ళతో కడిగి బోర్లించేవాళ్ళం. ఇతనికి ఇక్కడ అమ్మ లేదు, అక్క లేదు, పెళ్ళాం చూస్తే మదేరాలో. తండ్రికి పెట్టేది ఇంత మురికి తెడ్డుతో కలుపుతాడా, వాడికి చేసిపెట్టేవాళ్ళెవరు, నేను చెయ్యకపోతే? ఇలా అనుకునే చేశాను. ప్రేమగానే చేశాను. చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ముందు ఆ నల్లటిదాన్ని కత్తితో గీకాను. ఎంతకీ ఊడదే! పెచ్చులు పెచ్చులుగా రాలింది, లోపల గోధుమ రంగు పొడి. గొట్టం పెట్టి కాలవలోకి కొట్టేశాను. తర్వాత స్టీల్ ఊలుతో రుద్ది, మరిగే నీళ్ళు పోసి, పీపా నిండా బ్లీచ్ నీళ్ళు నింపి తెడ్డు అందులో ముంచి రాత్రంతా నానబెట్టాను. షెడ్డులో బెల్టుకి వేసేదానికి రెండింతలు వేశాను. తీసి ఎండలో ఆరబెడితే కొయ్య తెల్లగా, కొత్తగా కొన్నదానిలా వచ్చింది. వేలితో రాసి చూశాను. జిడ్డు లేదు. నాకు భలే తృప్తి కలిగింది.

ఫౌస్తినో రాగానే చెయ్యి పట్టుకున్నంత పని చేసి తీసుకెళ్ళి చూపించాను. "చూడు! ఎలా ఉందో!"

తెడ్డు చేతిలోకి తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత పీపాలోకి వంగి అక్కడా వాసన చూశాడు.

"చాలా శుభ్రంగా ఉంది సెన్యోరా. గ్రాసియాస్" అని థాంక్స్ చెప్పాడు.

"ఇన్నాళ్ళూ మీ ఇంట్లో ఎవరూ దీన్ని కడగలేదా ఏమిటి?" అన్నాను, నా నోరు ఊరుకోదుగా.

"లేదు" అన్నాడు. పార తీసుకుని గొయ్యి మట్టి తీయడం మొదలుపెట్టాడు.

దుంప ముక్కలు తేనె రంగుకి వచ్చాయి. ఒక ముక్క నా చేతిలో పెట్టాడు, నములుతుంటే పొగ తగిలిన చెరకులా ఉంది. రెండు రోజులు కొయ్య సమ్మెటతో దంచాడు. నారా రసమూ కలిపి పీపాలో వేసి, గోరువెచ్చని నీళ్ళు పోసి, తెడ్డుతో కలిపి, గోనె కప్పాడు. వాళ్ళ ఊళ్ళో రెండో రోజుకే పీపా మాట్లాడుతుందట, చెవి పెడితే సలసలా వినిపిస్తుందట. రోజూ పని నుంచి తిన్నగా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని పీపాకి చెవి ఆనించేవాడు. రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజు నేనూ రెండో వైపు కూర్చుని చెవి పెట్టాను. చప్పుడు లేదు. అయిదో రోజుకి పైన తెల్లటి బూజు తెట్టు కట్టింది.

"నీళ్ళేమైనా పడలేదా? చలా? ఏమిటి లోపం?" అని నేను ఒకటే గోల. ఏడాది రోజు నవంబరు తొమ్మిది. ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఫౌస్తినో బూజు వైపే చూస్తూ, "సెన్యోరా, రసాన్ని పులియబెట్టేది ఆ తెడ్డు" అన్నాడు.

"అంటే?"

"మా నాన్న అందులో ఎప్పుడూ ఏమీ వేయలేదు. మా తాతా వేయలేదు. ఆ నల్లటిదాన్లో ఉంటుంది. ఈ ఏడాది పీపాలోది తెడ్డుకి అంటుకుంటుంది, వచ్చే ఏడాది తెడ్డు నుంచి పీపాకి వెళ్తుంది. అందుకే కడగరు. మా నాన్న మెస్కాల్ ఎవరు తాగినా ఇది మెలితోన్‌ది అని చెప్పేది దానివల్లే."

నాకు తెలియని సంగతా ఇది? 1974లో ఈ దేశం వస్తూ, మా అమ్మ పెరుగులో ముంచి ఎండబెట్టిన చేతిగుడ్డ పెట్టెలో పెట్టుకుని వచ్చినదాన్ని నేను. ఆ తోడుతో పద్నాలుగేళ్ళుగా రోజూ పెరుగు తోడేస్తున్నాను, ఊరెళ్ళినా పక్కింటావిడకి గిన్నెలో ఇచ్చి వెళ్తాను. అలాంటిదాన్ని, కత్తి పెట్టి ఒకడి తాతనీ తండ్రినీ గీకి కాలవలో కొట్టాను.

చెంచా ఒకటీ గాజు సీసా ఒకటీ తెచ్చుకుని కాలవ దగ్గరికి పరిగెత్తాను. నీళ్ళు కొట్టిన చోట మట్టి గోకి సీసాలో వేయడం మొదలుపెట్టాను. ఎక్కడో ఒక పెచ్చు ఉండకపోతుందా అని. ఫౌస్తినో వచ్చి పక్కన కూర్చుని, నా చేతిలోంచి చెంచా మెల్లిగా తీసుకున్నాడు. "బ్లీచ్ కూడా అక్కడికే వెళ్ళింది సెన్యోరా."

"ఆ రోజే నన్ను ఎందుకు తిట్టలేదు? నెత్తిన ఒకటి మొట్టలేదేం?"

"మీరు చాలా సంతోషంగా ఉన్నారు. మా నాన్న కోసం చేశారు. కొయ్య పగుళ్ళలో కొంచెమైనా మిగిలి ఉంటుందని అనుకున్నాను" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. మగవాళ్ళు ఏడిస్తే నాకు చిరాకు. ఆ రోజు నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. మా ఆయన బయటికి వచ్చి, మమ్మల్ని చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

మిగతా అయిదు మొక్కల్లో ఏదీ కాడ వేయలేదు. చేతిలో ఉన్నది ఆ ఒక్క పీపా. బ్రెడ్ ఈస్టు వేద్దామని నేనే అన్నాను. శాంతి పుట్టినరోజు నాడు బన్నులు చేద్దామని కొన్న పొట్లాలు వంటింట్లో ఉన్నాయి. ఫౌస్తినో తలూపాడు. బూజు తీసేసి, గోరువెచ్చని నీళ్ళలో ఈస్టు నేనే కలిపి పోశాను. మర్నాటికి పీపా పొంగింది, చెవి పెట్టక్కర్లేకుండానే చప్పుడు. మా ఆయన చప్పట్లు కొట్టారు. ఫౌస్తినో తెల్లటి తెడ్డుతో పొద్దునా సాయంత్రం కలిపాడు, పని చేసే మనిషిలాగే చేశాడు, ముఖంలో ఏమీ లేదు.

తర్వాత కాచాడు. పొయ్యి మీద పెద్ద కుండ, దాని మీద అడుగు లేని మట్టి బాన, పైన చల్లటి నీళ్ళతో రాగి గిన్నె. ఆవిరి గిన్నె అడుగున తగిలి చుక్కలుగా మారి, లోపలున్న కొయ్య గరిటలో పడి, రెల్లు గొట్టంలోంచి బయటికి కారుతుంది. ఒకసారి కాచి, అదే మళ్ళీ కాచాడు. మొదట వచ్చింది, ఆఖర్న వచ్చింది పారబోశాడు. మధ్యలోది సొరబుర్ర చిప్పలోకి ఎత్తు నుంచి పోస్తే పైన ముత్యాల్లా బుడగలు నిలబడ్డాయి. అవి చెదరకుండా నిలిస్తే పాకం కుదిరినట్టే. నాలుక మీద వేసుకున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుంది సెన్యోరా. మెస్కాలే."

నవంబరు తొమ్మిదిన మేమిద్దరం మదేరా వెళ్ళాం. చిన్న ఇల్లు, వెనక మట్టి వాకిలి, బల్ల మీద మెలితోన్ ఫోటో, చుట్టూ బంతిపూలు. వాళ్ళ ఊరివాళ్ళు పాతికమంది దాకా వచ్చారు. అందరిలోకీ పెద్దాయన క్రెసెన్సియో అని, మెలితోన్‌తో కలిసి కొండలెక్కినవాడు. ఏం జరుగుతుందో ఫౌస్తినో భార్య నాకు ముందే చెప్పింది. మొదటి చిప్ప పెద్దాయనకిస్తారు. ఆయన నేల మీద కొంచెం పోసి, తాగి, అందరూ వినేట్టు "ఇది ఎవరి చెయ్యి?" అని అడుగుతాడు. కొడుకు "మా నాన్న చెయ్యి" అంటాడు. అప్పుడు అందరూ లేచి "ఆ చెయ్యి ఇంకా ఇక్కడే ఉంది" అంటారు. ఆ మాటతో ఏడాది తీరుతుంది. పోయినవాడు నిశ్చింతగా వెళ్తాడు.

అబద్ధం చెప్పు నాయనా అని నేను లోపల మొక్కుకుంటూనే ఉన్నాను. ఎవరికి తెలుస్తుంది, చెప్పెయ్ అని.

క్రెసెన్సియో నేల మీద పోశాడు. గుటక నోట్లో ఉంచుకుని ఆగాడు. మింగి, చిప్పలోకి ఒకసారి చూశాడు. ఆయనకి తెలిసిపోయింది. అయినా అడగాల్సినమాట అడిగాడు. "ఫౌస్తినో, ఇది ఎవరి చెయ్యి?"

ఫౌస్తినో తండ్రి ఫోటో వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. అతని కళ్ళలో కోపం లేదు, ఒట్టు. "సెన్యోరా రాధ చెయ్యి" అన్నాడు. "మొక్క ఆవిడది. నేల ఆవిడది. పులియబెట్టిందీ ఆవిడే. నేను కాచానంతే."

జనం నా వైపు చూసి నవ్వారు, ఆడవాళ్ళు నా భుజం తట్టారు. పాతికమందీ లేచి నిలబడ్డారు. ఒక కొడుకు తన తండ్రి కోసం ఏడాది దాచుకున్న మాట, అందరూ కలిసి నాకు చెప్పారు. "ఆ చెయ్యి ఇంకా ఇక్కడే ఉంది."

క్రెసెన్సియో తను తాగిన చిప్పే నా చేతికిచ్చాడు. మా ఆయనకి స్పానిష్ రాదు. నా చెవి దగ్గర వంగి, "చూశావా రాధా, నీకు ఎంత మర్యాద చేస్తున్నారో!" అన్నారు, పొంగిపోతూ.

"అవునండీ" అని, తలొంచుకుని తాగేశాను.